పోటు కోసం

సువా రేవులో రాత్రి ఎనిమిదింటికి ఎక్కించాం:
నలభై బస్తాల పిండి,
పదకొండు డ్రమ్ముల కిరోసిన్,
బడికో నల్లబల్ల,
ఎవరిదో, కాళ్లు కట్టేసిన పంది.
ఆఖర్న సెమెసా.

సరుకు చీటీలో రాయాలి కదా,
బరువు, కొలత, చేర్చవలసిన చోటు.
కెప్టెన్ జొసైయా కలం పట్టుకుని
కాగితం వంక చాలాసేపు చూశాడు.
పేజీ తిప్పేసి
ప్రయాణికుల వరసలో రాశాడు పేరు.
టిక్కెట్టు డబ్బులు తన జేబులోంచే తీసి
రేకు డబ్బాలో వేశాడు.

నేను ఇంజనువాణ్ణి.
నాలుగేళ్ల కిందట ఇదే పడవలో
పట్నం తీసుకెళ్లింది వాణ్ణి.
రాత్రంతా పైన పడుకోక
నిచ్చెన దిగొచ్చి నా పక్కన చతికిలబడి
"అన్నా, ఇదెందుకిలా దగ్గుతోంది?" అన్నాడు.
వయసైపోయిందిరా అన్నాను.
స్పానరు చేతికిస్తే
పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

తర్వాత ఎక్కడో
రెండు దేశాలు ఇసుకలో గీసుకున్న గీతకి కాపలా.
వానుండదు, చేపుండదు,
పొద్దున్నే బూట్లు దులిపితే తేలు రాలుతుందని
తల్లికి రాశాడట.
ఈత రాకముందే నీళ్లలో పడ్డవాడు
నీటిచుక్క లేనిచోట మునిగిపోయాడు.

వెంట వచ్చిన కార్పొరల్ కొండప్రాంతపు కుర్రాడు,
చిన్న పడవ ఎక్కడం అదే మొదలు.
అంచుకి పరిగెత్తడం, వాంతి చేసుకోవడం,
మూతి తుడుచుకుని టోపీ సరిచేసుకుని
మళ్లీ పెట్టె పక్కన నిటారుగా నిలబడడం.
అల్లం ముక్క ఇచ్చాను.
కాసేపు కూర్చోవయ్యా, వాడేమీ అనుకోడు అన్నాను.
"తెలుసు" అన్నాడు. కూర్చోలేదు.

రోడ్డయితే రెండు పక్కలా జనం నిలబడతారు.
సముద్రంలో ఎవరున్నారు?
అనుకుంటూనే ఉన్నా, గంట మోగింది.
ఒక్క గంటంటే నెమ్మది అని.
తగ్గించాను. ఎందుకో తెలీదు.
కాసేపటికి రెండు గంటలు: పోనీ.
అలా తెల్లారేలోగా మూడుసార్లు.
తర్వాత చెప్పారు,
దారిలో మూడు దీవుల వాళ్లూ ఒడ్డుకొచ్చి
లాంతర్లెత్తి నిలబడ్డారట.
నాకవేవీ కనబడలేదు.
నా చేతికి తెలిసిందొకటే,
ఆ మూడుచోట్లా ముసలి ఇంజను
దగ్గకుండా నడిచింది.

ఊరు చేరేసరికి ఆటు.
పగడపు గట్టు పళ్లు బయటపెట్టుకుని ఉంది,
పడవ దాటదు.
పోటు కోసం ఆగాం.
అవతల చాపలు పరుచుకుని నల్లబట్టల్లో ఆడవాళ్లు,
ఇవతల మేము,
మధ్యన మోకాలి లోతు నీళ్లు.
ఆ నాలుగు గంటలూ ఎవరూ ఏడవలేదు.
పంది ఒక్కటే మధ్యమధ్య అరిచింది.

నీళ్లింకా నిండనేలేదు.
వాడితో రగ్బీ ఆడిన కుర్రాళ్లు
చొక్కాలతోనే దిగేశారు.
మోకాళ్లు, నడుము, రొమ్ము,
భుజాలందేదాకా వచ్చి చేతులు చాచారు.
కార్పొరల్ మమ్మల్ని ఆగమనలేదు.
బూట్లు విప్పలేదు, తనూ దూకాడు.
పెట్టె మీద జెండా, జెండా మీద
అమ్మ పంపిన బెరడుబట్ట,
ఒక్క అంచూ తడవకుండా
తలలపైన సాగిపోయింది ఒడ్డుకి.
అప్పుడు ఎక్కడో ఒక గొంతు తెగింది.
ఇక ఆగలేదు.

పిండి బస్తాలకి ఎవరూ రాలేదు.
మేమే మోశాం.
పంది ఎవరిదో అప్పుడర్థమైంది.

పెద్దాయన తిమింగలం దంతం రెండు చేతులా పట్టుకొచ్చి
జొసైయా ముందు మోకరిల్లి ఏదో అన్నాడు.
జొసైయా మాట్లాడలేక తలొంచి అందుకున్నాడు.
వాడు వల విసరడం నేర్చుకున్న చోట
నీళ్లలో కర్ర పాతి గుడ్డ కట్టారు.
వంద రాత్రులు
అక్కడెవరూ చేపని ముట్టరు.

తిరుగుదారిలో పడవ తేలిక.
కార్పొరల్ నిచ్చెన దిగొచ్చి
తడి బూట్లతో నా పక్కన కూర్చున్నాడు.
ఇంజను దగ్గింది.
వాడు ఏమీ అడగలేదు.